లో వోల్టేజ్ ఊళ్లలో మైక్ ప్రీయాంప్

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో భజన మండళ్లు, ఒగ్గు కథ బృందాలు, టెంట్‌హౌజ్ వాళ్లు వాడే మైక్‌సెట్లలో ఎక్కువగా సతాయించేది పెద్ద యాంప్లిఫయర్‌కు ముందుండి, మైక్ నుంచి వచ్చే సిగ్నల్‌ను పెంచే చిన్న ప్రీయాంప్ బోర్డు. హమ్మింగ్ వస్తుంది, గొంతు పగిలినట్టు వినిపిస్తుంది, వాల్యూమ్ తిప్పితే కరకరలాడుతుంది. అప్పుడు చేతికి మొదట అందేది ఐసీ. 4558 అనే ఐసీ తీసి 5532 అనేది పెడతారు, అదీ కుదరకపోతే బోర్డే మార్చేస్తారు. కొత్త బోర్డు ఇంట్లో బాగానే పలుకుతుంది, గుడి దగ్గరికి తీసుకెళ్తే మళ్లీ అదే రోదన.

ఇంట్లో లేని లోపం గుడి దగ్గర పుట్టిందంటే దాని మూలం ఐసీ బయట ఉందన్నమాట. బోర్డుకు అందే కరెంటు, వైర్లు కలిసిన తీరు, గెయిన్‌ను (సిగ్నల్‌ను పెంచే రెట్లను) ఎక్కడెక్కడ పంచారన్నది, ఈ మూడూ తేలకుండా ఎంత ఖరీదైన ఐసీ పెట్టినా ఫలితం ఉండదు. ఎక్కడ ప్రీయాంప్ కట్టినా ఈ మాట వర్తిస్తుంది. బోరు మోటార్లు, రాతి నేల, మండే ఎండ ఉన్న దక్షిణ తెలంగాణలో మాత్రం డిజైన్ అక్కడి నుంచే మొదలుకావాలి.

ముందు లెక్క. మామూలు డైనమిక్ మైక్‌ను నోటికి దగ్గరగా పెట్టి పాడితే వచ్చే సిగ్నల్ 2 మిల్లీవోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. పవర్ యాంప్లిఫయర్ లైన్ ఇన్‌పుట్ నిండుగా పలకాలంటే 300 నుంచి 500 మిల్లీవోల్టులు కావాలి. అంటే సుమారు 200 రెట్లు పెంచాలి. కానీ అదే మైక్‌ను ఒగ్గు కథలో డోలు ముందు పెడితే సిగ్నల్ పదుల మిల్లీవోల్టులకు పోతుంది. 40 మిల్లీవోల్టులను 200 రెట్లు చేస్తే 8 వోల్టులు. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న బోర్డు దాన్ని మోయలేదు, పైనా కిందా కోసేస్తుంది. గొంతు పగిలినట్టు వినిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. ఐసీ పాడవలేదు, దాని మీద మోయలేనంత బరువు పెట్టారు.

అందుకే 200 రెట్ల గెయిన్‌ను ఒక్క మెట్టులో ఇవ్వకుండా రెండుగా విడగొట్టి, వాల్యూమ్ కంట్రోల్‌ను మధ్యలో పెట్టాలి. విడగొట్టడానికి ఇంకో కారణమూ ఉంది. ఈ ఐసీల్లో సిగ్నల్‌ను పెంచే భాగాన్ని ఆప్ఆంప్ అంటారు. ఆప్ఆంప్‌కు గెయిన్ పెరిగేకొద్దీ పలికే ఫ్రీక్వెన్సీ హద్దు తగ్గుతుంది. 741 లాంటి పాత ఐసీ నుంచి 200 రెట్లు ఒకేసారి అడిగితే 5 కిలోహెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది. 4558 అయితే 15 కిలోహెర్ట్జ్ వరకు వస్తుంది. 5532 కు మాత్రం 50 కిలోహెర్ట్జ్ దాకా దమ్ముంది. తాళాల మెరుపు, మాటల్లోని స, శ, ష స్పష్టత అంతా పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటాయి కాబట్టి ఈ హద్దు చిన్న విషయం కాదు.

ఇక సర్క్యూట్. ఒక 5532 లో రెండు ఆప్ఆంప్‌లు ఉంటాయి, ఒక మైక్‌కు ఆ ఒక్క ఐసీ చాలు. మైక్ సిగ్నల్ 100 ఓమ్ రెసిస్టర్ గుండా వచ్చాక, 470 పికోఫారడ్ కెపాసిటర్ ఒకటి అక్కడి నుంచి గ్రౌండ్‌కు పోతుంది. రేడియో తరంగాలనూ సెల్‌ఫోన్ గోలనూ ఆపేది ఇదే. తర్వాత 1 మైక్రోఫారడ్ పాలిస్టర్ కెపాసిటర్ దాటి 3వ పిన్‌కు చేరుతుంది. 3వ పిన్ నుంచి గ్రౌండ్‌కు 10 కె (10 వేల ఓమ్‌ల) రెసిస్టర్ తప్పనిసరిగా ఉండాలి. ఫీడ్‌బ్యాక్ కోసం 1వ పిన్ నుంచి 2వ పిన్‌కు 10 కె, 2వ పిన్ నుంచి గ్రౌండ్‌కు 470 ఓమ్, దానికి సిరీస్‌లో 100 మైక్రోఫారడ్. గెయిన్ 22 రెట్లు వస్తుంది. అక్కడి నుంచి 10 మైక్రోఫారడ్ దాటి 10 కె లాగ్ వాల్యూమ్ పాట్ (తిప్పే రెసిస్టర్), పాట్ మధ్య కాలు నుంచి మరో 1 మైక్రోఫారడ్ దాటి 5వ పిన్, ఆ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 22 కె. రెండో మెట్టులో 7వ పిన్ నుంచి 6వ పిన్‌కు 10 కె, 6 నుంచి గ్రౌండ్‌కు 1 కె, సిరీస్‌లో 47 మైక్రోఫారడ్. ఇక్కడ గెయిన్ 11. రెండూ కలిస్తే దాదాపు 245 రెట్లు. చివర 10 మైక్రోఫారడ్, 100 ఓమ్ దాటి జాక్‌కు. ఐసీ 8వ పిన్‌కు ప్లస్ 12, 4వ పిన్‌కు మైనస్ 12 వోల్టులు. ఈ రెండు పిన్నుల నుంచి గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు, ఐసీ పక్కనే, కాళ్లు వీలైనంత పొట్టిగా ఉండాలి.

ఇందులో 470 ఓమ్ విలువ ఆషామాషీగా పెట్టింది కాదు. గెయిన్ 22 రావాలంటే 10 కె, 470 పెట్టవచ్చు, 220 కె, 10 కె కూడా పెట్టవచ్చు. నిష్పత్తి దాదాపు ఒకటే, నాయిస్ ఒకటి కాదు. ప్రతి రెసిస్టర్‌ తనంతట తాను కొంత సుయ్‌మనే శబ్దాన్ని పుట్టిస్తుంది, ఓమ్‌లు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో 1 కె రెసిస్టర్ నుంచి అర మైక్రోవోల్టుకు కాస్త ఎక్కువ, 10 కె నుంచి 1.8 మైక్రోవోల్టులు వస్తాయి. పైన చెప్పిన విలువలతో డైనమిక్ మైక్ దగ్గర మొత్తం నాయిస్ దాదాపు 1 మైక్రోవోల్టు. 2 మిల్లీవోల్టుల గొంతు దానికంటే 66 డెసిబెల్స్ పైన నిలుస్తుంది. మొదటి మెట్టులో పుట్టిన నాయిస్‌ను రెండో మెట్టు కూడా పెంచుతుంది కనుక శ్రద్ధంతా మొదటి మెట్టు మీదే పెట్టాలి. రెండో మెట్టులో ఏ రెసిస్టర్ కాస్త అటూఇటూ అయినా చెవికి తెలియదు.

గెయిన్‌ను ఇలా పంచడం వల్ల డోలు సమస్య కూడా తీరుతుంది. మొదటి మెట్టు పగలకుండా దాదాపు 10 వోల్టుల శిఖరం దాకా మోస్తుంది. అంటే ఇన్‌పుట్‌లో 400 మిల్లీవోల్టులు దాటినా తట్టుకుంటుంది. మిగతాది వాల్యూమ్ పాట్ చూసుకుంటుంది. వాల్యూమ్‌ను మొదటి మెట్టుకు ముందే పెట్టిన బోర్డులు బజార్లో దొరుకుతాయి. వాటిలో గొంతు తగ్గించినా హిస్ (ఆ సుయ్‌మనే శబ్దం) తగ్గదు. వాల్యూమ్‌ను చివర పెట్టినవాటిలో లోపల పగిలిన గొంతే బయటికి చిన్నగా వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, కరెంటు. మామూలుగా అందరూ తెచ్చేది 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912 రెగ్యులేటర్లు (ప్లస్ 12, మైనస్ 12 వోల్టులను నిలకడగా ఇచ్చేవి). 230 వోల్టులు నిండుగా ఉన్న చోట ఇది బాగానే పని చేస్తుంది. 12 వోల్టుల ఏసీ శిఖరం దాదాపు 17 వోల్టులు, డయోడ్‌లో పోయింది పోగా 16 చిల్లర మిగులుతుంది. 7812 సరిగ్గా నడవాలంటే దాని ముందు కనీసం 14 నుంచి 14.5 వోల్టులు ఉండాలి కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు లైన్‌లో వోల్టేజ్ 190 కి పడిందనుకోండి. ఆ 16 కాస్తా 13 దగ్గరికి వస్తుంది. ఇక రెగ్యులేటర్ రెగ్యులేట్ చేయడం మానేసి, తన ముందున్న 100 హెర్ట్జ్ అలలను ఉన్నవి ఉన్నట్టు అవుట్‌పుట్‌లోకి వదిలేస్తుంది.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో 190 ఊహించి వేసుకున్న సంఖ్య కాదు. పొలాల మధ్య ఉన్న గుళ్లకు, లైను చివరి తండాలకు వచ్చే తీగల మీదే చాలాచోట్ల బోరు మోటార్లూ ఉంటాయి. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఒక్కో ఫేజులో 7 ఆంపియర్ల చుట్టూ తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, మోటార్లు ఫలానా వేళకే నడుస్తాయన్న లెక్క కూడా పోయింది. అందుకే ఒకే ప్రీయాంప్ ఒక పూట శుభ్రంగా పలికి, మరో పూట హమ్ అంటుంది. దాన్ని చూసి ఐసీలో లూజ్ కాంటాక్ట్ అనుకోవడం సహజమే, కానీ మీటర్‌ను రెగ్యులేటర్ ఇన్‌పుట్ కాలు మీద పెడితే అసలు సంగతి తేలిపోతుంది.

దీనికి మందు చవకైనదే. 12-0-12 బదులు 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. 230 దగ్గర రెగ్యులేటర్ ముందు 20 వోల్టులు ఉంటాయి, 190 దగ్గర 16 కు పైన, 170 కి పడినా 14.5 చుట్టూ ఉంటుంది. ప్రీయాంప్ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి రెగ్యులేటర్ వేడెక్కే భయం లేదు. అంతే తేడాతో లో వోల్టేజ్ బాధ దాదాపు పూర్తిగా పోతుంది. ఈ ప్రాంతంలో కట్టే ప్రీయాంప్‌లో ఒక్క మార్పే చేయగలిగితే, ఐసీ కంటే ముందు చేయాల్సింది ఇదే.

ఒక సందేహం రావచ్చు. ఆప్ఆంప్‌కు సప్లైలోని అలలను తట్టుకునే గుణం ఉంటుంది కదా? ఉంటుంది. 5532 కు అది 80 నుంచి 100 డెసిబెల్స్. నాలుగు మైకుల మిక్సర్ 50 మిల్లీఆంపియర్లు తీసుకుంటూ, ఫిల్టర్ కెపాసిటర్ 1000 మైక్రోఫారడ్ ఉంటే, అల ఎత్తు అర వోల్టు. 100 డెసిబెల్స్ రక్షణ ఉంటే ఆ హమ్మింగ్ హిస్‌తో సమానంగా ఉండిపోతుంది, 80 మాత్రమే ఉంటే హిస్ కంటే పదిహేను రెట్లు పెరిగి పాట ఆగిన ప్రతిసారీ వినిపిస్తుంది. బీసీ547 లాంటి ఒంటి ట్రాన్సిస్టర్‌తో కట్టిన ప్రీయాంప్‌లకు ఈ రక్షణ అసలే లేదు. కలెక్టర్ రెసిస్టర్ గుండా అల నేరుగా అవుట్‌పుట్‌లోకి దిగుతుంది.

అన్నిటికంటే ఘోరం కండెన్సర్ మైక్ క్యాప్సూల్ సంగతి. దానికి 2.2 కె రెసిస్టర్ ద్వారా సప్లై నుంచి బయాస్ (అది పని చేయడానికి కావాల్సిన డీసీ) ఇస్తారు. సప్లైలో అల ఉంటే అది ఏ అడ్డూ లేకుండా మైక్ తీగ మీదికి వచ్చి, గొంతుతో పాటు 245 రెట్లు పెరుగుతుంది. ఆ దారిలో ముందు 1 కె రెసిస్టర్, దాని నుంచి గ్రౌండ్‌కు 470 మైక్రోఫారడ్ పెట్టి, ఆ తర్వాత 2.2 కె ఇస్తే 100 హెర్ట్జ్ అల దాదాపు 300వ వంతుకు తగ్గుతుంది. కండెన్సర్ మైక్ వాడే ఏ బోర్డుకైనా ఈ రెండు పార్టులు కలపడం తెలివైన మార్పు.

రెగ్యులేటర్ల దగ్గర మరో పొరపాటు పదేపదే కనిపిస్తుంది. 7812 కు వరసగా ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్ ఉంటే, 7912 కు గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఉంటాయి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకేలా సోల్డర్ చేస్తారు. 7912 వేడెక్కి, మైనస్ సప్లై రాక, ఐసీ మీద అనుమానం పడుతుంది. పైగా 7812 వెనకున్న రేకు గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది, 7912 రేకు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. రెండింటినీ మధ్యలో మైకా (కరెంటును ఆపే పలుచని పొర) లేకుండా ఒకే ఇనుప డబ్బాకు బిగిస్తే మైనస్ సప్లై షార్ట్ అయినట్టే.

కరెంటు గొడవే లేకుండా బ్యాటరీ మీద నడపడం కూడా మంచి దారే, ముఖ్యంగా కురుమూర్తి, చెర్వుగట్టు, పెద్దగట్టు జాతరలకు తిరిగే బృందాలకు. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ, 15 మిల్లీఆంపియర్లు తీసుకునే ప్రీయాంప్‌ను కాగితం మీద లెక్కేస్తే 400 గంటలకు పైగా నడపాలి. ఒకే బ్యాటరీలో మైనస్ సప్లై ఉండదు కాబట్టి రెండు 10 కె రెసిస్టర్లు, 100 మైక్రోఫారడ్‌తో మధ్య గ్రౌండ్ తయారు చేసుకోవాలి. అయితే ఆ గ్రౌండ్ బ్యాటరీ మైనస్ కంటే 6 వోల్టులు పైన ఉంటుంది. అదే బ్యాటరీతో యాంప్లిఫయర్‌ను కూడా నడిపితే జాక్ బాడీ గుండా ఆ 6 వోల్టులు షార్ట్ అవుతాయి. దేని బ్యాటరీ దానికి ఉంటేనే క్షేమం.

హమ్మింగ్ వచ్చినప్పుడు అది ఏ హమ్మింగో గుర్తుపట్టడం సగం రిపేరు. తీగల్లోకి బయటి నుంచి దూరింది, గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి ఏర్పడే చుట్టు) వల్ల వచ్చింది 50 హెర్ట్జ్, దాంతోపాటు 150 కూడా. రెక్టిఫయర్ తర్వాత మిగిలిపోయిన అల 100 హెర్ట్జ్. ఫోన్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ యాప్ ఒకటి వేసుకుని స్పీకర్ ముందు పెడితే ఏ గీత పొడుగ్గా ఉందో కనిపిస్తుంది. ఫోన్ మైకులు 50 దగ్గర బలహీనం కాబట్టి 150 దగ్గర గీత ఉందేమో కూడా చూడాలి. 100, 200 గీతలు పొడుగ్గా ఉంటే సప్లై వైపు వెళ్లాలి. 50, 150 ఉంటే వైర్ల వైపు, ట్రాన్స్‌ఫార్మర్ వైపు. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం బోర్డు మీద పడితే, దూరం రెట్టింపు చేసినప్పుడు ఆ ప్రభావం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బోర్డును దానికి ఆనించి కట్టిన డబ్బాల్లో ట్రాన్స్‌ఫార్మర్‌ను పక్కకు తిప్పి చూసినా, నాలుగు అంగుళాలు జరిపినా ఫలితం వెంటనే వినిపిస్తుంది.

వైర్ల విషయంలో లాభం ఎక్కువ, ఖర్చు తక్కువ ఉన్న పని ఒకటుంది. మన దగ్గర చాలా మైకులకు మైక్ వైపు మూడు పిన్నుల కనెక్టర్, రెండో వైపు పీ-38 పిన్ (పావు అంగుళం జాక్ పిన్) ఉంటాయి. అంటే తీగలో సిగ్నల్ ఒక్క కోర్ మీదే వస్తుంది. 20 మీటర్ల అలాంటి కేబుల్ శామియానా సీరియల్ లైట్ల పక్కన పరిచితే 2 మిల్లీవోల్టుల గొంతు మీద హమ్మింగ్ సులువుగా ఎక్కి కూర్చుంటుంది. ప్రీయాంప్‌ను యాంప్లిఫయర్ దగ్గర కాకుండా పాడేవాళ్ల దగ్గర పెట్టి, రెండు మీటర్ల కేబుల్‌తో మైక్‌ను కలిపి, పెంచిన అర వోల్టు సిగ్నల్‌ను ఆ 20 మీటర్ల మీద పంపితే? తీగలోకి దూరే హమ్మింగ్ అంతే ఉంటుంది, దాని మీద వెళ్లే గొంతు మాత్రం 245 రెట్లు పెద్దది. ఎంత మంచి ఐసీ తెచ్చినా ఇంత తేడా రాదు.

ఎర్తింగ్ గురించి అపోహలు చాలా ఉన్నాయి. ఎర్త్ బాగుంటే సౌండ్ శుభ్రంగా ఉంటుందని, హమ్మింగ్ వస్తే ఎర్త్ గుంతలో నీళ్లు పోయమని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. బ్యాటరీ మీద నడిచే ప్రీయాంప్‌కు ఎర్తే ఉండదు, అది హాయిగా పలుకుతుంది. ఎర్తింగ్ ఉన్నది మనిషి ప్రాణం కోసం. ఇక్కడి నేల ఆ పనినే కష్టం చేస్తుంది. ఎర్ర చెల్క కింద గ్రానైట్ రాయి, వేసవిలో పూర్తిగా ఎండిన పొర. నల్లగొండ నీళ్లలోకి ఫ్లోరైడ్‌ను దింపుతున్న రాయి కూడా ఈ గ్రానైటే. తడి నేలలో 3 మీటర్ల రాడ్ దింపితే ఎర్త్ రెసిస్టెన్స్ 30 ఓమ్‌ల చుట్టూ వచ్చే చోట, దానికి పదింతల నిరోధం ఉన్న ఎండు నేలలో అదే రాడ్ 300 ఓమ్‌లు దాటి 330 దాకా పోతుంది. డబ్బాకు ఫేజ్ తగిలిందనుకోండి, 230 ని 330 తో భాగిస్తే 0.7 ఆంపియర్. 6 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని పట్టించుకోదు. డబ్బా, దానికి కలిసిన మైక్ బాడీ, రెండూ కరెంటుతో అలాగే ఉంటాయి. తడి చేత్తో మైక్ పట్టుకున్న మనిషి పరిస్థితి చెప్పనక్కర్లేదు. అందుకే మైక్‌సెట్‌కు కరెంటు ఇచ్చే బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ తెంపే స్విచ్) ఉండాలి. ఎర్త్ ఎంత బలహీనంగా ఉన్నా, అందులోంచి పోయే 0.7 ఆంపియర్ దాన్ని ట్రిప్ చేయడానికి కావాల్సినదానికి ఇరవై రెట్లు పైనే.

ఈ లెక్క తెలిస్తే, హమ్మింగ్ పోవడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. పిన్ తీస్తే హమ్మింగ్ పోయే మాట నిజమే. గ్రౌండ్ లూప్ తెగిపోతుంది కాబట్టి పోతుంది. కానీ లూప్ తెంచాల్సింది సిగ్నల్ తీగ దగ్గర. ముందుగా యాంప్లిఫయర్, మిక్సర్, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా చూడాలి. సగం లూప్‌లు అక్కడే పోతాయి. మిగిలినదానికి ప్రీయాంప్ సిగ్నల్ గ్రౌండ్‌ను డబ్బాకు నేరుగా కలపకుండా మధ్యలో 10 ఓమ్ రెసిస్టర్, దానికి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ పెట్టవచ్చు. డబ్బా మాత్రం ఎర్త్‌కు నేరుగానే కలిసి ఉండాలి. అప్పటికీ వినకపోతే 600 ఓమ్‌ల ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. ఫోన్ నుంచి పాట వేసేటప్పుడు చార్జర్ పెడితేనే వచ్చే గుర్‌మనే శబ్దం వేరే సంగతి. అది చార్జర్ లోపలి చిన్న కెపాసిటర్ల లీకేజీ, చార్జర్ తీసేస్తే చాలు.

ఇక ఐసీ మార్పుల దగ్గరికి. 5532 అన్నిచోట్లా గొప్పదన్న నమ్మకం తప్పు. మైక్ లాంటి తక్కువ ఓమ్‌ల మూలం దగ్గర అది టీఎల్072 అనే మరో ఐసీ కంటే దాదాపు 9 డెసిబెల్స్ నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ 5532 ఇన్‌పుట్ పిన్ కొంత కరెంటు లాగుతుంది, ఆ కరెంటులో కూడా నాయిస్ ఉంటుంది. 100 కె లాంటి పెద్ద రెసిస్టెన్స్ ముందు పెడితే ఆ నాయిస్ వోల్టేజ్‌గా మారి, టీఎల్072 కంటే 5532 ఎక్కువ సుయ్‌మంటుంది. హార్మోనియానికి అతికించి, కంపనాలను సిగ్నల్‌గా మార్చే పీజో పికప్‌కు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి. అక్కడ టీఎల్072 నే వాడాలి. పాత బోర్డులో 100 కె పాట్‌లతో ఉన్న టోన్ కంట్రోల్ దగ్గర టీఎల్072 తీసి 5532 పెడితే, ఆ ఇన్‌పుట్ కరెంటు పాట్ మీద 20 మిల్లీవోల్టుల డీసీ నిలబెడుతుంది. అప్పటిదాకా లేని కరకర తిప్పినప్పుడల్లా మొదలవుతుంది. పాట్ పాతదై కరకరలాడుతోందా, డీసీ వల్లా అన్నది మీటర్ చెబుతుంది. పాట్ కాళ్ల మీద డీసీ ఉంటే ముందున్న కెపాసిటర్ లీక్ అవుతోంది, లేదా అక్కడ కెపాసిటరే లేదు.

నకిలీ ఐసీల బెడద ఎక్కువ. 4558 మీద అక్షరాలు చెరిపి 5532 అని ముద్రించి అమ్మడం ఉంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చుకున్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఒక పరీక్ష చేసుకోవచ్చు. సప్లై తీగలో మీటర్‌ను మిల్లీఆంపియర్లలో పెట్టి చూస్తే అసలు 5532 దాదాపు 8 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. 3 చుట్టూ ఉంటే అది 5532 అయ్యే అవకాశం చాలా తక్కువ. సాకెట్ వేసి ఐసీ పెట్టుకుంటే ఈ పరీక్ష నిమిషం పని.

టోన్ కంట్రోల్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బ్రిటిష్ ఇంజనీరు పీటర్ బాక్సాండల్ 1952లో ప్రచురించిన ఫీడ్‌బ్యాక్ సర్క్యూటే ఇప్పటికీ చాలా బజారు బోర్డుల్లో ఉంది, అది సరిపోతుంది. గుర్తుంచుకోవాల్సింది గుడి మీద ఉండే హారన్ల గురించే. హారన్ స్పీకర్ దాదాపు 300 హెర్ట్జ్ కింద పలకదు. బేస్ పెంచితే వినిపించని ఆ శక్తి అంతా యూనిట్ డయాఫ్రంను ఊగించి చివరికి చింపుతుంది. హారన్లకు పంపే ప్రీయాంప్‌లో ఇన్‌పుట్ 1 మైక్రోఫారడ్ తీసి 0.1 పెడితే 160 హెర్ట్జ్ కింద శబ్దం తగ్గుతూ పోతుంది. మాట ఇంకా స్పష్టంగా వస్తుంది, 50 హెర్ట్జ్ హమ్మింగ్ కూడా తగ్గుతుంది. హోమ్ థియేటర్ వాళ్లకు లోపంగా కనిపించే ఈ విలువ హారన్‌కు మాత్రం మేలు.

బోర్డు అసలే పలకకపోతే ముందు డీసీ చూడాలి, శబ్దం తర్వాత. 8, 4 పిన్నుల మీద ప్లస్, మైనస్ 12 ఉన్నాయా, 1, 7 పిన్నులు సున్నాకు కొన్ని మిల్లీవోల్టుల్లోపు ఉన్నాయా అన్నదే తొలి ప్రశ్న. 1వ పిన్ ప్లస్ 10 దగ్గరో మైనస్ 10 దగ్గరో అతుక్కుపోతే, చాలాసార్లు 3వ పిన్ నుంచి గ్రౌండ్‌కు వెళ్లే 10 కె లేదు, లేదా ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ సోల్డర్ పట్టలేదు. డీసీ బాగుంటే ఫోన్ నుంచి 1 కిలోహెర్ట్జ్ టోన్ వేసి, సిరీస్‌లో 10 కె, గ్రౌండ్‌కు 47 ఓమ్ పెడితే ఫోన్ ఇచ్చే అర వోల్టు 2 మిల్లీవోల్టుల చిల్లరకు తగ్గి, మైక్ బదులు పని చేస్తుంది. దాన్ని వెంబడిస్తూ పోవాలి. చవకైన పసుపు రంగు మల్టీమీటర్లలో ఏసీకి 200 వోల్టుల కంటే చిన్న రేంజ్ ఉండదు కాబట్టి ఈ సిగ్నల్ వాటికి కనబడదు. పాత 4440 ఐసీ యాంప్లిఫయర్ బోర్డు ఒకటి, ముందు ఒక కెపాసిటర్ పెట్టిన తీగ, చిన్న స్పీకర్ ఉంటే ఎక్కడిదాకా శబ్దం వస్తోందో, ఎక్కడ ఆగిందో చెవితోనే పట్టుకోవచ్చు.

డీసీ అంతా సరిగ్గానే ఉన్నా శబ్దం గరగరగా ఉండి, ఐసీ చేతికి వేడిగా తగిలితే అది చెవికి అందని ఫ్రీక్వెన్సీలో ఊగుతోందని అనుమానించాలి. మామూలు మీడియం వేవ్ రేడియోను పక్కన పెట్టి ముల్లు తిప్పితే ఒకచోట ఈల వినిపించవచ్చు. ప్రీయాంప్ ఆపితే ఆ ఈల ఆగిపోతే రుజువైనట్టే. ఐసీ పక్కన 0.1 మైక్రోఫారడ్‌లు లేకపోవడం, అవుట్‌పుట్‌లో 100 ఓమ్ వేయకుండా పొడుగు కేబుల్ కలపడం దీనికి మామూలు కారణాలు. టకటకమని సెల్‌ఫోన్ గోల వస్తే ఇన్‌పుట్ దగ్గరి 470 పికోఫారడ్‌ను, జాక్ బాడీకి షీల్డ్ సరిగ్గా తగిలిందా అన్నదాన్ని చూడాలి.

చివరిగా ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 43, 44 డిగ్రీలు మామూలు. ఆ ఎండలో పెట్టిన నల్ల ఇనుప డబ్బా లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ. దీనివల్ల హిస్ పెరగదు. రెసిస్టర్ల నాయిస్ 25 డిగ్రీల నుంచి 45 కు పోయినా 3 శాతమే పెరుగుతుంది, ఏ చెవికీ తెలియదు. దెబ్బ తినేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. 85 డిగ్రీల రకం బదులు 105 డిగ్రీల రకం తీసుకుంటే ధరలో తేడా స్వల్పం. సప్లైలోని 1000 మైక్రోఫారడ్‌లను ట్రాన్స్‌ఫార్మర్‌కూ రెగ్యులేటర్ రేకుకూ ఆనకుండా పెట్టాలి. రెండు మూడు వేసవులు చూసిన డబ్బాలో 100 హెర్ట్జ్ హమ్మింగ్ కొత్తగా మొదలై, లైన్ వోల్టేజ్ సరిగ్గానే ఉంటే, ముందుగా మార్చాల్సింది ఆ రెండు కెపాసిటర్లనే. పైభాగం ఉబ్బినా, అడుగున జిగురులాంటి మరక కనిపించినా కొలవనక్కర్లేదు. ఏమీ కనిపించకపోతే, అదే విలువ ఉన్న కొత్తదాన్ని పోలారిటీ చూసుకుని, కరెంటు ఆపి, పాతదానికి సమాంతరంగా తాత్కాలికంగా సోల్డర్ చేసి ఆన్ చేస్తే హమ్మింగ్ తగ్గిందో లేదో అప్పటికప్పుడే తేలుతుంది.